కళ్లం చాలని ఫొటోషాప్

సాలూరు లారీ ఒడిశా ఘాటీ ఎక్కలేక ఆగిపోతే ఎవరూ ముందు ఇంజనుని తిట్టరు. లోడు ఎంత వేశారని అడుగుతారు. ఆ ఊరి ఫొటో స్టూడియోలోకి వెళ్లేసరికి ఈ ఇంగితం ఏమైపోతుందో తెలీదు. నాకూ లేకపోయింది లెండి.

మాఘమాసం పెళ్లిళ్ల రోజులు. తెలిసినవాళ్ల స్టూడియోలో కూర్చున్నాను. తలంబ్రాల పేజీ సగంలో ఉండగా ఫొటోషాప్ టప్పున మూసుకుపోయింది. తెరిస్తే మళ్లీ పోయింది. “ఏటి బావూ ఇది, వైరస్సేటి?” అన్నాడు ఆల్బమ్ చేసే కుర్రాడు. అప్పటికే రెండుసార్లు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడట. రోగం అందులో లేదు. ఎక్కడుందో తెలియాలంటే ఫొటోషాప్ పుట్టుక చూడాలి.

1987లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ నాల్ అనే పరిశోధక విద్యార్థి, డాక్టరేటు పని మధ్యలో, మాకింటోష్ ప్లస్ మీద చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నాడు. ఆ కంప్యూటర్ తెరకి నలుపూ తెలుపూ తప్ప మధ్య ఛాయలు రావు. అవి ఉన్నట్టు కంటిని నమ్మించడమే ఆ ప్రోగ్రామ్ పని. పేరు ‘డిస్‌ప్లే’. సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు జాన్ అది చూసి, ఇంకా పనిముట్లు కావాలని వెంటపడ్డాడు. వాళ్ల నాన్నకి ఇంట్లో డార్క్‌రూమ్ ఉండేది. ఇప్పటికీ ఫొటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అని నొక్కుతున్నామంటే, అవి చీకటిగదిలో కాగితం మీద వెలుగుని ఆపి, పెంచి చేసిన పనుల పేర్లే. మొదట స్కానర్ అమ్మే కంపెనీ ఒకటి ఓ రెండువందల కాపీలు తన మిషన్‌తోపాటు ఇచ్చింది. తర్వాత అడోబీ కంపెనీ చేతికొచ్చి, 1990 ఫిబ్రవరి 19న ఫొటోషాప్ పేరుతో మొదటి వెర్షన్ విడుదలైంది.

మాకింటోష్ ప్లస్ ఒక ఎంబీ ర్యామ్‌తో వచ్చేది. ఫొటో అందులో పట్టదు. అందుకని నాల్ సోదరులు ఫొటోని పలకలుగా కోసి, చేతిలో పనున్న పలకల్ని ర్యామ్‌లో ఉంచి, మిగతావాటిని డిస్కు మీద పరిచే ఏర్పాటు చేశారు. ఆ చోటునే స్క్రాచ్ డిస్క్ అంటారు. నేనైతే కళ్లం అంటాను. కళ్లంలో ధాన్యం దాచుకోరు; నూర్చి, ఎత్తి, ఊడ్చేస్తారు.

ఎంత కళ్లం కావాలి? పెళ్లిళ్లకి చేసే కరిజ్మా ఆల్బమ్ పేజీ 12 అంగుళాలు, 36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3 కోట్ల 88 లక్షల 80 వేల చుక్కలు. చుక్కకి మూడు బైట్లు. ఏమీ అతికించని ఖాళీ కాగితమే దాదాపు 117 ఎంబీ! కార్డులో పది ఎంబీ అనిపించే 24 మెగాపిక్సెల్ ఫొటో తెరవగానే విప్పుకుని 72 ఎంబీ అవుతుంది. 1994లో లేయర్లు వచ్చాయి. 1998లో హిస్టరీ వచ్చింది, అంటే వెనక్కి వెళ్లడానికి పాత అడుగులు కొన్ని దాచాలి. నిండు లేయర్లు ఇరవై వేస్తే రెండు జీబీ దాటిపోతుంది.

మన కుర్రాడి సి డ్రైవ్ తెరిచి చూశాం. నాలుగు జీబీ కూడా ఖాళీ లేదు. అందులో ‘ఫొటోషాప్ టెంప్’ అని మొదలయ్యే ఫైళ్లు గుట్టగా ఉన్నాయి. ప్రోగ్రామ్ మామూలుగా మూస్తే తన కళ్లం తనే ఊడ్చుకుంటుంది. హఠాత్తుగా పోతే, లేదా కరెంటు పోతే, ఆ గడ్డి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల చోటు తగ్గి మళ్లీ క్రాష్, ఆ క్రాష్‌తో ఇంకో గుట్ట. రెండుసార్లు ఎక్కించినా తగ్గకపోవడంలో వింతేముంది?

ఫొటోషాప్ మూసి ఆ ఫైళ్లు తుడిచేశాం. కంట్రోల్, ఆల్ట్ నొక్కిపట్టి ప్రోగ్రామ్ తెరిస్తే స్క్రాచ్ డిస్క్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. డి డ్రైవ్ చూపించాం. ఆ రెండు మీటలకి షిఫ్ట్ కూడా కలిపితే చెడిన సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. అక్షరాలు కొట్టేటప్పుడే పోతుంటే పాడైన ఫాంటుని అనుమానించాలి. జూమ్ చేసేటప్పుడు పోతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్ని. ప్రింటర్ డ్రైవర్ చెడినా ఫొటోషాప్ తడబడుతుంది, ఇది చాలామంది నమ్మరు.

పాత వెర్షన్ల మీద మమకారం మరో చిక్కు. 2002 నాటి 7.0ని తెలుగు అను ఫాంట్ల అలవాటు కొద్దీ వదలని డిజైనర్లు మనలో ఉన్నారు. అది 32 బిట్ల ప్రోగ్రామ్. విండోస్ దానికి మామూలుగా ఇచ్చేది రెండు జీబీ, మీరు పదహారు జీబీ ర్యామ్ కొన్నా సరే. విండోస్‌లో ఆ గోడ 2008లో సీఎస్4తో పడిపోయింది. అప్పటికి అడోబీ సీఈఓ మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్. 2013లో డబ్బాలో సాఫ్ట్‌వేర్ అమ్మడం నుంచి నెలనెలా చందాకి కంపెనీని మళ్లించిందీ ఆయన హయాములోనే. చిన్న స్టూడియోలు పాతదాన్నే పట్టుకుని వేలాడటానికి ఆ చందా కూడా కారణమే అని నా అభిప్రాయం.

తలంబ్రాల పేజీ ఆ సాయంత్రమే పూర్తయింది. రాబోయే ముహూర్తాలకి ముందు మీ సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో ఓసారి చూసుకోండి.