మూలకణాల పుట్టిళ్ళు

మూలకణమన్న పేరొక్కటే గాని, ఆ పేరు గల కణాలన్నీ ఒక్కటి కావు. ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించేవి ఒక తెగ. 1968లో అమెరికాలోని మిన్నెసోటాలో, రోగనిరోధక శక్తి లేక పుట్టిన పసివానికి సోదరి మూలుగను ఎక్కించి ప్రాణం నిలిపారు. 1988లో పారిస్‌లో బొడ్డుతాడు నెత్తురు అటువంటి పనే చేసింది. అయితే ఒక తాడులో లభించే కణాలు పెద్దలకు తరచు చాలవు.

మూలుగలోనే ఎముకను, మృదులాస్థిని తయారుచేసే మరొక తెగ ఉన్నది. అది బహు అరుదు: లక్ష కణాలలో ఒకటి నుంచి పది వరకు. అటువంటివే కొవ్వులో కొన్ని వందల రెట్లు అధికంగా దొరుకుతాయని 2001 తరువాత తేలింది. తీయడమూ సుళువే. ఆ సుళువే కొందరి వ్యాపారానికి పెట్టుబడి అయింది! 2015లో ఫ్లోరిడాలో, కంటి వెనుక పొర క్షీణించిన ముగ్గురు వృద్ధస్త్రీలకు వారి కొవ్వు నుంచే తీసిన కణాలను రెండు కళ్ళలోనూ ఎక్కించారు. ఉన్న చూపు కూడ చాలవరకు పోయింది. కొవ్వులో పుట్టిన కణానికి కంటిపని తెలుస్తుందని ఎవరు రుజువు చేశారు?

కంటికి స్వంత మూలకణాలు లేకపోలేదు. అవి నల్లగుడ్డు అంచున ఉండి, ముందరి పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, నిత్యం నవీకరిస్తుంటాయి. సున్నమో ఆమ్లమో పడి ఆ అంచు కాలినప్పుడు, బాగున్న రెండవ కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల తునక తీసి, ముక్కలు చేసి, కాలిన కంటిపై పరచే విధానాన్ని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ వైద్యులు 2012లో ప్రకటించారు. ఎందరికో చూపు తిరిగివచ్చింది. రెండు కళ్ళూ కాలినవారికి నోటిలోపలి పొర కణాలను వాడి చూశారు. గాని వాటితో కంటిపై కొత్త రక్తనాళాలు ప్రాకే బెడద హెచ్చు.