పిలిచిన దెవరు?

నెల్లిమర్ల జూటుమిల్లు వంటి చోట రెండు షెడ్లలోను మగ్గములకు 1 నుండియే అంకెలు వేసిరనుకొందము. "5వ మగ్గ మాగినది" అని కబురు వచ్చిన, మరమ్మతు చేయువా డే షెడ్డునకు పోవలెను? కంప్యూటరులోను ఇట్టి చిక్కే కలదు.

మీట నొక్కగానే కీబోర్డు ప్రాసెసరును పిలుచును. ఈ పిలుపే ఇంటరప్టు. పిలుపుల నందుకొని ప్రాసెసరునకు చేర్చునది ఇంటరప్ట్ కంట్రోలరు. వెనుకటి ఇంటెల్ 8259 చిప్పునకు ఎనిమిది పిలుపుదారులే; నేటి చిప్పులలో ఒకే జాతి కంట్రోలర్లు అనేకము లుండవచ్చును.

లినక్స్ కెర్నెలు ఏ పిలుపు ఎన్నిసార్లు వచ్చినదో పట్టికగా చూపును. ప్రక్కనే కంట్రోలరు పేరు, దారి సంఖ్య ఉండును. డ్రైవరు వ్రాసినవారు అన్నింటికిని ఒకే పేరు పెట్టినచో 5వ దారులన్నియు ఒక్కతీరుగనే కనిపించును. ఇది చూపుల కిబ్బంది మాత్రమే కాదు. లక్ష పిలుపులలో 99,900కు మించి ఎవరును తమవి కావన్నచో కెర్నెలు ఆ దారిని మూసివేయును. దానిపై ఆధారపడిన పరికరము మూగవోవును. అప్పుడు వెదకవలసిన దెక్కడ?

చికిత్స చిన్నది. ఉమ్మడి పేరునకు మారుగా, ప్రతి కంట్రోలరునకు తన సొంత పరికరనామమును డ్రైవరు పట్టిక కందించవలెను. సాధారణముగా అందులో దాని చిరునామాయు ఇమిడియుండును. వేగ మేమియు పెరుగదు. ఒక్క జాగ్రత్త: పాత పేరును నమ్ముకొని పట్టికను చదువు ప్రోగ్రాములు కొన్ని ఉండవచ్చును, వానిని ముందుగా సరిచూచుకొనవలెను.