ఒక పాస్‌పోర్టు, నాలుగు తనిఖీలు

కోనసీమ గ్రామాల నుంచి కువైట్, ఒమన్ దేశాలకు ఇంటిపనికీ కూలిపనికీ వెళ్లేవారు శంషాబాద్ విమానాశ్రయంలో పాస్‌పోర్టును నాలుగుచోట్ల చూపవలసి వస్తుంది. ద్వారం వద్ద భద్రతాదళం, ఇమిగ్రేషన్‌లో ప్రభుత్వాధికారులు చూస్తారు. చెక్-ఇన్ కౌంటర్‌లోనూ విమానమెక్కే గేటు వద్దా చూసేది విమానసంస్థ.

సరైన వీసా లేదని ఏ దేశమైనా ప్రయాణికుణ్ణి ప్రవేశద్వారం నుంచే తిప్పిపంపితే, అతణ్ణి వెనక్కు తెచ్చే బాధ్యత పౌర విమానయానంపై 1944లో కుదిరిన షికాగో ఒప్పందపు తొమ్మిదో అనుబంధం ప్రకారం తీసుకువెళ్లిన సంస్థదే. పైగా చాలా దేశాలు జరిమానా వేస్తాయి; భారతదేశంలో 2025లో రద్దయ్యే వరకు 2000 నాటి చట్టం ప్రకారం అది లక్ష రూపాయలుగా ఉండేది. అందువల్ల కౌంటర్‌లోని సిబ్బంది ప్రయాణికుని పత్రాలను, దేశదేశాల ప్రవేశ నిబంధనలను పొందుపరచిన 'టిమాటిక్' అనే కంప్యూటర్ సమాచారనిధితో సరిపోల్చుతారు. గేటు వద్ద పరీక్ష ఉద్దేశం వేరు: లోపలికి వెళ్లాక ఇద్దరు బోర్డింగ్ పాసులు మార్చుకునే వీలుంది కనుక, పాసు మీది పేరూ పాస్‌పోర్టూ ఎదుటి ముఖమూ ఒక్కరివేనా అని అక్కడ చూస్తారు.

ఇక ఇమిగ్రేషన్ దాటాలంటే, సాధారణంగా పదో తరగతి పూర్తికాని వారు గల్ఫ్ ఉద్యోగానికి 1983 వలస చట్టం కింద ముందస్తు అనుమతి పొందాలి; ఏజెంటు చేతిలో పెట్టిన విజిట్ వీసా దానికి ప్రత్యామ్నాయం కాదు. బయలుదేరే ముందే ఏజెంటు లైసెన్సును ప్రభుత్వ 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.