ముఖాలు మిగిలాయి.. పేర్లేవి?
సాయుధ పోరాట ఛాయాచిత్రాల వెనుక కథ

నల్గొండ: తుపాకులు చేతబట్టి వరుసగా నిలిచిన మహిళల నలుపు తెలుపు ఛాయాచిత్రం ఒకటి తెలంగాణ సాయుధ పోరాటం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా కనిపిస్తుంది. వర్ధంతి సభల ఫ్లెక్సీలపైనా, పుస్తకాల అట్టలపైనా, సంస్మరణ సంచికల్లోనూ దానికి చోటు తప్పదు. అందరికంటే ముందున్నది మల్లు స్వరాజ్యం అనీ, తీసినది సునీల్ జానా అనీ దాని కింద రాయడం పరిపాటి. మిగిలిన వారిని మాత్రం ‘ఇతర దళ సభ్యులు’ అని ఒక్క మాటతో సరిపెడతారు. ముఖం లోకానికంతా తెలిసి, పేరు మాత్రం ఊరికి కూడా తెలియకుండా పోవడం ఎలా జరిగింది? రహస్యోద్యమానికీ కెమెరాకూ మధ్య నడిచిన సంబంధాన్ని గమనిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది.

ఎవరీ సునీల్ జానా?

సునీల్ జానా 1918 ఏప్రిల్ 17న అస్సాంలోని దిబ్రూగఢ్‌లో జన్మించారు. పెరిగింది, చదివింది కలకత్తాలో. ఆంగ్ల సాహిత్య విద్యార్థి. ఫొటోలు తీయడం ఆయనకు తొలుత సరదా మాత్రమే. 1943లో బెంగాల్‌ను కరవు కబళించినప్పుడు కమ్యూనిస్టు పార్టీ నాటి ప్రధాన కార్యదర్శి పి.సి. జోషి ఆయనను వెంట తీసుకెళ్లారు. చిత్రకారుడు చిత్తప్రసాద్ కూడా ఆ పర్యటనలో ఉన్నారు. ఒకరు కుంచెతో, మరొకరు కెమెరాతో ఆకలి చావులను లోకానికి చూపారు. అక్కడితో జానా చదువు ఆగిపోయింది. బొంబాయిలోని పార్టీ కేంద్ర కార్యాలయ కమ్యూన్‌లో సాటి కార్యకర్తలతో కలిసి ఉంటూ, పార్టీ పత్రికలు ‘పీపుల్స్ వార్’, ‘పీపుల్స్ ఏజ్’లకు ఛాయాచిత్రాలు అందించడమే ఆయన జీవితమైంది.

‘లైఫ్’ పత్రిక తరఫున వచ్చిన అమెరికా ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బర్క్‌వైట్‌తో కలిసి ఆయన దక్షిణాది కరవు ప్రాంతాల్లో తిరిగారు. గాంధీ, నెహ్రూ, జిన్నాలను దగ్గరగా చిత్రించారు. రైతులు, కార్మికులు, ఆదివాసుల మధ్య గడిపిన కాలం అంతకంటే ఎక్కువ. ఆ క్రమంలోనే తెలంగాణ దళాలు కూడా ఆయన కెమెరాకు చిక్కాయి. చిన్ననాటి నుంచీ ఆయన చూపు బలహీనం కావడం విశేషం.

నాడు ఇక్కడేం జరుగుతోంది?

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ తర్వాత ‘సంఘం’ పల్లెపల్లెకూ పాకింది. వెట్టిచాకిరీకీ, అక్రమ వసూళ్లకూ, భూముల నుంచి బేదఖలు చేయడానికీ వ్యతిరేకంగా జనం ఏకమయ్యారు. సూర్యాపేట తాలూకాలోని జన్నారెడ్డి కుటుంబం చేతిలో లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో నమోదు చేశారు. 1946 జులై 4న నాటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ గుళ్లకు నేలకొరిగారు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అప్పటికే గుత్పలు, వడిసెలలు పట్టిన చేతుల్లోకి తుపాకులు వచ్చాయి.

1931లో తుంగతుర్తి ప్రాంతంలోని కర్విరాల కొత్తగూడెంలో భూస్వామి కుటుంబంలో పుట్టిన స్వరాజ్యం బాల్యం వీడకముందే ఈ ఉద్యమంలోకి వచ్చారు. అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి దళాల నాయకుడు. ‘రాజక్క’ పేరుతో తిరిగిన ఆమె తలకు రూ.10 వేల వెల కట్టారు. అంతటి వెల ఉన్న మనిషి కెమెరా ముందు ముఖం దాచుకోకుండా నిలబడడం మామూలు సాహసం కాదు.

ఫొటో అంటే ఎందుకంత భయం?

అజ్ఞాత జీవితానికి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. సొంత పేరు వాడకూడదు. ఉత్తరాలు దాచుకోకూడదు. రాత్రి తిండి పెట్టిన ఇంటి పేరు మరొకరికి చెప్పకూడదు. ఫొటో దిగడం ఈ కట్టుబాట్లన్నింటికీ విరుద్ధం. మనిషి ఎన్ని దెబ్బలైనా ఓర్చుకుని నోరు మూసుకోగలడు, కాగితం మీది ముఖం మాత్రం అడగకముందే చెప్పేస్తుంది. సోదాలో ఒక్క ఫొటో దొరికితే అందులో ఉన్నవారే కాక, వారి వెనుక కనిపించే ఇల్లు, చెట్టు, గుట్ట కూడా ఆచూకీలవుతాయి.

మరి ఆ ఫొటోలు ఎందుకు దిగినట్లు? ‘కూలీనాలీ జనం, ఆడవాళ్లు తుపాకీ పట్టి దొరలను ఎదిరిస్తున్నారు’ అంటే బొంబాయి, కలకత్తాల్లోని చదువరికి నమ్మకం కుదరాలి. రజాకార్ల దౌర్జన్యాల నడుమ ఉన్న పల్లెల గోడు సంస్థానం ఎల్లలు దాటాలి. అందుకు వేయి మాటల కంటే ఒక్క ఛాయాచిత్రం బలమైన సాక్ష్యం. సాక్ష్యం కావాలి, ఆచూకీ మాత్రం దొరకకూడదు. ఈ రెండు అవసరాల మధ్య కుదిరిన రాజీయే పేర్లు లేని ఫొటో. ముఖాన్ని లోకానికి ఇచ్చి, పేరును దాచుకున్నారు. నాడు ఆ దాపరికమే ప్రాణాలను కాపాడింది.

పన్నెండు ఫొటోలకే చుట్ట ఖాళీ

నాటి ఫొటోల్లో యుద్ధం కనిపించదు. దళం వరుసగా నిలబడడమో, గురిపెట్టి చూపడమో కనిపిస్తుంది. ‘ఇవి కావాలని నిలబెట్టి తీసినవే కదా’ అని తేలికగా కొట్టిపారేసేవారూ ఉన్నారు. సాంకేతిక పరిమితి తెలిస్తే ఈ సందేహం తీరుతుంది. ఆనాడు వాడుకలో ఉన్న 120 రకం ఫిల్మ్ చుట్టలో చదరపు ఫొటోలైతే వచ్చేవి పన్నెండే. ఫిల్మ్‌కు కాంతిని గ్రహించే శక్తి తక్కువ కావడంతో మంచి వెలుతురు ఉండాలి, మనుషులు కదలకుండా నిలవాలి. దళాల నడక, దాడి రాత్రిపూట సాగేవి. కాబట్టి పగటి వెలుగులో నిలబెట్టి తీయడం తప్ప మార్గం లేదు. తీసిన చుట్టను వెలుతురు, తేమ సోకకుండా బయటకు చేర్చాలి, చీకటి గదిలో రసాయనాలతో కడగాలి. ఈ దారిలో ఎక్కడ పట్టుబడినా ఫొటో తీసిన వ్యక్తితో పాటు ఫొటోలో ఉన్నవారికీ ముప్పే.

సైన్యం వచ్చాక..

1948లో రెండు పరిణామాలు వెంటవెంటనే జరిగాయి. కలకత్తాలో జరిగిన పార్టీ రెండో మహాసభలో జోషి స్థానంలోకి బి.టి. రణదివే వచ్చారు. జోషికి సన్నిహితుడైన జానా పార్టీకి దూరమయ్యారు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించగా, 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత సైన్యం దృష్టి దళాలపైకి మళ్లింది. మైదానంలో నిలవలేని దళాలు గోదావరి అడవులకూ, కృష్ణకు ఇరువైపులా ఉన్న నల్లమలకూ తరలాయి. మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ ప్రాంతపు చెంచుపెంటలు కొందరికి ఆశ్రయమయ్యాయి. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. సుమారు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాల పంపిణీ, నాలుగు వేల మంది ప్రాణత్యాగం.. ఇదీ సుందరయ్య ఇచ్చిన లెక్క.

జానా కలకత్తాలో స్టూడియో పెట్టుకున్నారు. 1949లో వెలువడిన ఆయన ఛాయాచిత్రాల పుస్తకానికి సత్యజిత్ రాయ్ రూపకల్పన చేశారు. 1974లో పద్మశ్రీ, 2012లో పద్మభూషణ్ లభించాయి. 2012 జూన్ 21న అమెరికాలోని బర్కిలీలో కన్నుమూశారు. అప్పటికి ఆయన చూపు చాలావరకు పోయింది.

పాలమూరులో మళ్లీ అదే ప్రశ్న

అర్ధశతాబ్దం తర్వాత నల్లమలలో కెమెరా మళ్లీ అదే సంకటంలో పడింది. నక్సలైట్ ఉద్యమ కాలంలో పెళ్లిలోనో, కళాశాలలోనో దిగిన పాత ఫొటోలే రివార్డు పోస్టర్లపైకి ఎక్కేవి. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం నాయకులు అడవి నుంచి బయటకు వచ్చినప్పుడు కెమెరాలు వారిని చుట్టుముట్టాయి. అది పత్రికకు వార్త, పోలీసుకు ఆనవాలు. చర్చలు విఫలమై, 2005 జనవరి నుంచి ఎదురుకాల్పులు తిరిగి మొదలయ్యాయి. ఇంటి నుంచి వెళ్లిపోయిన బిడ్డ జాడను పత్రికలో అచ్చయిన మృతదేహం ఫొటో చూసి తెలుసుకున్న తల్లిదండ్రులు రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. పోలీసుల కుటుంబాలకూ, హతులైన రాజకీయ కార్యకర్తల కుటుంబాలకూ మిగిలినవి గోడపై దండ వేసిన ఫొటోలే. బతికుండగా ఆపద తెచ్చే ఫొటోయే పోయిన తర్వాత ఏకైక ఆధారం కావడం ఈ ప్రాంతపు విషాదం.

ఇకనైనా పేర్లు రాయాలి

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసింది. స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది. ఆమె 2022 మార్చి 19న మరణించారు. ఆ తరంలో మిగిలినవారు తొంభై ఏళ్లు దాటినవారే. ముఖాలను గుర్తుపట్టగలిగే చివరి కళ్లు వారివి. సాయుధ పోరాటం నాటి పేర్లు దాచవలసిన అవసరం ఏనాడో తీరిపోయింది. అయినా దాపరికం అలవాటుగా మిగిలి, మరుపుగా మారుతోంది.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఇంట్లో ఉన్న పాత ఫొటోను పెద్దల ముందు ఉంచి ఒక్కొక్క ముఖం ఎవరిదో, ఏ ఊరో, ఏ సంవత్సరమో అడగాలి. ఆ వివరాలను ఫొటో వెనుక మెత్తని పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ వాడితే అచ్చు ముందుకు పడుతుంది, సిరా పాకుతుంది. పాత ఫొటోలను లామినేషన్ చేయించకూడదు. ఆ వేడికి, జిగురుకు చిత్రం పాడైతే తిరిగి బాగుచేయలేం. స్కాన్ చేయించి ఒక ప్రతిని బంధువుల వద్ద ఉంచాలి. చరిత్రకు పనికివచ్చేవని తోస్తే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్ర భాండాగారాన్ని సంప్రదించవచ్చు. ఇటీవలి ఉద్యమాల ఫొటోల విషయంలో మాత్రం అందులో ఉన్నవారి, వారి కుటుంబాల అనుమతి లేకుండా పేర్లు బయటపెట్టరాదు.

2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో నాటి పోరాట గ్రామాలు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ, నాగర్‌కర్నూల్ జిల్లాలకు చెదిరిపోయాయి. ఏ జిల్లాలో ఉన్నా ఆ ఇళ్లలో ట్రంకు పెట్టెలు ఉన్నాయి. వాటిలోని ఫొటోల వెనుక తెల్లగా ఉన్న చోటును నింపగలిగేది ఆ ఇళ్లవారే.