పాత కారుకు కొత్త ఇంజను - మరి చల్లగాలి సంగతి?

పెట్రోలు ఖర్చు భరించలేక జీపులకు, అంబాసిడర్లకు డీజిలు ఇంజను ఎక్కించుకొన్నవారిని మన ఊళ్లలో మనమందరము చూచినవారమే. అమెరికాలోను ఇటువంటి పని విరివిగా జరుగుతున్నది, అయితే అక్కడి కారణము వేరు. 1960లలోను, 1970ల మొదటిలోను అక్కడ తయారైన కొన్ని కార్లను "మజిల్ కార్లు" అంటారు. మజిల్ అంటే కండ. మధ్యరకము సైజు కారులో పెద్ద కారుకు వేసే ఇంజనును కూర్చి అమ్మినవి ఇవి. 1964లో పాంటియాక్ కంపెనీ జి.టి.ఓ. అను కారులో సుమారు 6.4 లీటర్ల ఇంజను పెట్టినది. మన పాత అంబాసిడర్ ఇంజను ఒకటిన్నర లీటరు. తేడా పాఠకులే ఊహించుకొనవచ్చును.

ఆనాడు తాతగారు కొన్న కారు ఈనాడు మనుమల చేతికి వచ్చినది. వారికి రెండు కోరికలు. తాళము తిప్పగానే బండి కదలాలి, వేసవిలో భార్యాబిడ్డలు అందులో కూర్చోగలగాలి. రెంటచింతల ఎండ ఎరిగినవారికి అరిజోనా ఎండ గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. నల్లని రెక్సిన్ సీట్లు, మూసిన అద్దాలు, ఎదుట పొయ్యివంటి ఇంజను! చల్లగాలి లేకపోతే ఆ కారు షెడ్డులోనే ఉండిపోతుంది. పిల్లలు ఎక్కని కారును కొంతకాలానికి ఎవరికో అమ్మివేస్తారు. కనుక ఇది డాబు కొరకైన ముచ్చట మాత్రమే అని మేము అనుకొనుట లేదు.

ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి అమ్మిన మొదటి కారు ప్యాకార్డ్ వారి 1940 మోడలు. మజిల్ కార్లలో అనేకమునకు అదనపు సొమ్ము చెల్లిస్తే ఏసీ ఇచ్చేవారు. ఫోర్డు ముస్టాంగ్‌కు మొదట డాష్‌బోర్డు క్రింద వ్రేలాడే పెట్టెగా ఇచ్చి, 1967 మోడలునుండి లోపల కలిపివేశారు. కాని క్రైస్లర్ వారి 426 హెమీ ఇంజను కోరినవారికి, షెవ్రొలే కమారో జెడ్-28 కొన్నవారికి ఏసీ దొరికేది కాదు. పరుగు కావాలంటే చెమట తప్పదన్నమాట!

ఏసీ పనిచేసే విధము మన కొత్త కుండ విధమే. నీరు ఆవిరి అవుతూ కుండలోని వేడిని తీసికొనిపోతుంది. కారులో నీటికి బదులు ఒక గ్యాసు ఉంటుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ దానిని నొక్కుతుంది. ముందున్న కండెన్సర్‌లో అది వేడిని బయటికి విడిచి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు ప్రక్కనున్న ఎవాపొరేటర్‌లో మరల ఆవిరై లోపలి గాలిని చల్లబరుస్తుంది.

చిక్కంతా ఆ గ్యాసుతోనే. పాత కార్లలో వాడినది ఆర్-12. అది ఆకాశములోని ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలినందున 1987లో మాంట్రియల్ ఒప్పందము జరిగినది. అమెరికాలో 1995 చివరితో దాని తయారీ ఆగిపోయినది. ఇప్పుడక్కడ మిగిలిన నిలువలే దిక్కు. కనుక చాలామంది ఆర్-134ఏ కు మారుతున్నారు. మారడమంటే పాత గ్యాసు తీసి కొత్తది పట్టించడము కాదు. పాత గ్యాసును గాలిలోకి వదలుట అక్కడ నేరము, యంత్రముతో తోడి పట్టుకోవాలి. పాత మినరల్ ఆయిలు కొత్త గ్యాసుతో కలవదు గనుక దానిని కడిగివేసి తగిన నూనె పోయాలి. రబ్బరు గొట్టాలు, సీళ్లు, తేమను పీల్చే డ్రయర్ మార్చాలి. తరువాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగివేయాలి. కొత్త గ్యాసు పాతదానంత పట్టదు, సుమారు ఎనభై, తొంభై శాతము చాలును. జనరల్ మోటార్స్ కార్లలో పి.ఓ.ఏ. వాల్వు అను ఒక చిన్న డబ్బా ఉంటుంది. దానిని కొత్త గ్యాసుకు సరిచేయకపోతే ఎంత ఖర్చుపెట్టినా చల్లదనము అంతంతమాత్రమే.

ఇక ఇంజను మార్పిడి. ఎక్కువమంది వేసుకొనేది జనరల్ మోటార్స్ వారి ఎల్.ఎస్. రకము. దీనిలో మొదటిదైన ఎల్.ఎస్.1 ను 1997 మోడలు కార్వెట్‌లో తెచ్చారు. అల్యూమినియము బ్లాకు, 5.7 లీటర్లు, బలము గలది, కార్బురేటర్ లేదు. ఇంధనమును ఎక్కువ ఒత్తిడితో పంపే పంపు, కంప్యూటరు, వైరింగు క్రొత్తగా కావాలి. ఇవన్నీ లెక్క వేసుకొంటారు. కంప్రెసర్ మాత్రము ఎవరికీ జ్ఞాపకముండదు! ఈ ఇంజనులు పలు వాహనాల నుండి వచ్చినప్పుడు కంప్రెసర్ కుడిప్రక్క బాగా క్రిందుగా ఉంటుంది. పాత కారు చాసిస్‌లో దింపేసరికి అది ఫ్రేముకు తగులుతుంది. అప్పుడు బ్రాకెట్టు మార్చి పైకి బిగించాలి, లేదా ఫ్రేమును కోయాలి.

ఇక్కడే తొందరపడతారు. "ఏసీ తరువాత చూద్దాములే" అని పాత ఎవాపొరేటర్ పెట్టెను ఊడదీసి పారవేసి, ఆ రంధ్రమును రేకుతో మూసివేస్తారు. రెండేళ్లకు మరల ఏసీ కావాలంటే ఆ పెట్టె, ఆ మీటలు, ఆ గాలిగొట్టాలు వెదకి తెచ్చుకోవడము ఇంజను తెచ్చుకోవడముకన్న కష్టము. 1976లో టెక్సాస్‌లో మొదలైన వింటేజ్ ఎయిర్ వంటి కంపెనీలు పూర్తి సెట్లు అమ్ముతాయి. అవి తేలిక, చల్లదనమూ మంచిదే. ఏసీ లేకుండా పుట్టిన కారుకు అదే దారి. అయితే ఫ్యాక్టరీ ఏసీ సామాను పూర్తిగా ఉన్న కారుకు దానినే బాగుచేయించుట మేలని మా అభిప్రాయము. పాత కంప్రెసర్ పదిహేను కిలోల పైబడిన బరువు. దానిని ప్రక్కనబెట్టి, కొత్త ఇంజనుకు చిన్న కంప్రెసర్ బిగించి, తగిన గొట్టాలు చేయించి పాత ఎవాపొరేటర్‌కు కలుపవచ్చును. డాష్‌బోర్డు తాతగారి నాటిదిగానే ఉంటుంది.

దింపిన ఇంజనును పాత ఇనుముకు వేయరాదు. 1960ల చివరినుండి అనేక ఇంజనులపై కారు నెంబరులోని కొంత భాగము ముద్రించియుంటుంది. ఆ ముద్ర కారుతో సరిపోతేనే కొనేవారు మంచి ధర ఇస్తారు. సిలిండర్లలో కొంచెము నూనె పోసి, రంధ్రాలు మూసి, తడి తగలని చోట భద్రపరచాలి. కారు ఎవరి చేతికి పోయినా ఆ ఇంజను కూడ వెళ్లాలి.

బలము పెరిగిన బండికి పాత డ్రమ్ము బ్రేకులు చాలవు. ఏసీ కన్న ముందు ఆ ఖర్చు పెట్టాలి, ఇందులో వాదన లేదు. చట్టము కూడ చూచుకోవాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ తనిఖీ లేదు, తరువాతివాటికి ఉన్నది. మన దేశములోనైతే ఇంజను మార్చుటకు రవాణా శాఖ అనుమతి, ఆర్.సి. పుస్తకములో నమోదు తప్పనిసరి.

పని మొదలుపెట్టేవారు ఖాళీ ఇంజనును కంప్రెసర్‌తో సహా చాసిస్‌లో ఒకసారి దింపి చూచుకోవాలి. రంగు వేయుట, వైరింగు ఆ తరువాతి మాట. చివరకు గ్యాసు పట్టించి, నడిమి గాలిద్వారములో చిన్న థర్మామీటరు గ్రుచ్చి బయలుదేరాలి. పరుగులో చల్లగా ఉండి, సిగ్నలు దగ్గర ఆగగానే వెచ్చబడితే మరికొంత గ్యాసు పట్టించవద్దు. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌కు గాలి చాలుటలేదు గనుక ఫ్యానును, దాని చుట్టు తొడుగును ముందు చూడాలి.