లైనక్స్‌లో లాకులు వేయడం ఎలా? ప్యాకేజ్ హోల్డ్, రిపో ప్రయారిటీ నెంబర్ల అసలు సంగతి

మా బందరు వైపు లాకులు అంటే కాలువ మీద నీళ్లు ఆపి వదిలే తలుపులు. లైనక్స్‌లో కూడా లాక్ అనే మాట ఉంది. కానీ అక్కడ ఒకే మాటకి రెండు అర్థాలు, చాలామంది తికమక పడేది అక్కడే.

మొదటిది, ఉబుంటు లేదా మింట్ వాడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే "కుడ్ నాట్ గెట్ లాక్" అనే ఎర్రర్. దీనర్థం వేరే ప్రోగ్రామ్ ఒకటి ఇప్పటికే ప్యాకేజీల డేటాబేస్ మీద పని చేస్తోందని. ఎక్కువసార్లు అది బ్యాక్‌గ్రౌండ్‌లో తనంతట తనే నడిచే ఆటోమేటిక్ అప్‌డేటే. ఎర్రర్‌లోనే ప్రాసెస్ నెంబర్ కనిపిస్తుంది. కాసేపు ఆగితే పోతుంది. యూట్యూబ్‌లో చాలామంది "లాక్ ఫైల్ డిలీట్ చేసేయండి బ్రో" అంటారు, దయచేసి ఆ పని చేయకండి. ఫైల్ ఉండటమే లాక్ కాదు. ఆ ఫైల్‌ని ఒక ప్రాసెస్ పట్టుకుని ఉండటం లాక్. ఫైల్ తీసేస్తే ఆ ప్రాసెస్ ఆగదు సరికదా, రెండో ఇన్‌స్టాల్ కూడా పక్కనే మొదలై రెండూ కలిసి డేటాబేస్‌ని పాడు చేసే ఛాన్స్ ఉంది. మధ్యలో కరెంటు పోయి ఇన్‌స్టాల్ ఆగిపోతే సిస్టమ్ ఆన్ చేశాక "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ" కొడితే ఆగిన చోటు నుంచి పూర్తి చేస్తుంది. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లీష్‌లోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.)

రెండోది మనం కావాలని వేసే లాకు. దీని పేరు హోల్డ్.

ఇది ఎవరికి అవసరం అంటే మా బాబాయ్ లాంటివాళ్లకి. అవనిగడ్డలో డీటీపీ షాపు, లైనక్స్ మింట్ మీద నడుస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక రోజు ప్రింటర్ డ్రైవర్ అప్‌డేట్ అయింది, అప్పటినుంచి కార్డు మీద అక్షరాలు అర సెంటీమీటరు పక్కకి జరుగుతున్నాయి. మర్నాడు పొద్దున్నకి 400 శుభలేఖలు ఇవ్వాలి. "ఒరేయ్, నిన్నటిదాకా బానే ఉందిరా, ఆ నిన్నటిదే మళ్లీ పెట్టవా" అని ఫోన్. నిజానికి ఆయన అడిగింది కరెక్ట్ టెక్నికల్ ప్రశ్న.

ముందు "ఆప్ట్ పాలసీ" అని ప్యాకేజ్ పేరు కొడితే ఏ వెర్షన్లు ఎక్కడ దొరుకుతున్నాయో చూపిస్తుంది. పాత వెర్షన్ లిస్టులో ఉంటే ప్యాకేజ్ పేరు, ఈక్వల్ గుర్తు, వెర్షన్ నెంబర్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేయొచ్చు. ఆ తర్వాత "సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్" కొడితే మీరు తీసేవరకు అది కదలదు, ఆటోమేటిక్ అప్‌డేట్ కూడా దాన్ని ముట్టుకోదు. ఒక చిన్న కిటుకు: "ఆప్ట్" కమాండ్ ఇన్‌స్టాల్ అయ్యాక డౌన్‌లోడ్ ఫైల్‌ని మామూలుగా తీసేస్తుంది, "ఆప్ట్-గెట్" అయితే ఉంచుతుంది. షాపు సిస్టమ్స్‌లో నేను రెండోదే వాడతా. మొబైల్ హాట్‌స్పాట్ డేటా మీద పాత ఫైల్ మళ్లీ వెతుక్కోవడం కంటే అది నయం. బాబాయ్ సిస్టమ్‌లో పాత ఫైల్ అలాగే దొరికింది, రాత్రి పదింటికి ప్రింటింగ్ మొదలైంది.

అదే ఊపులో తెలుగు ఫాంట్ల ప్యాకేజీని కూడా హోల్డ్‌లో పెట్టించాను. డెబియన్, ఉబుంటు రిపోల్లో "ఫాంట్స్-తెలుగువిజయం" అని ఒకటుంది. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లు అందులో ఉంటాయి. వాటిలో మండలి ఫాంట్ పేరు దివిసీమ మనిషి మండలి వెంకట కృష్ణారావు గారిది. ఎన్టీఆర్ ఫాంట్ కూడా ఉంది, ఆయన ఊరు నిమ్మకూరు గుడివాడకి ఎంత దూరమో మీకు తెలుసు. ఫాంట్ కొలత కొంచెం మారినా వేసి పెట్టిన డిజైన్లలో లైన్లు కిందకి జారతాయి, అందుకే ఈ జాగ్రత్త.

ఇక ప్రయారిటీలు. ఒకే ప్యాకేజ్ రెండు రిపోల్లో ఉంటే ఎవరిది రావాలి? మామూలు రిపోలన్నిటికీ ఆప్ట్ 500 ఇస్తుంది. సమానంగా ఉన్నప్పుడు పెద్ద వెర్షన్ గెలుస్తుంది. అందుకే ఒక్క యాప్ కోసం ఎవరిదో పీపీఏ కలిపితే, అందులోని మిగతా లైబ్రరీలు కూడా సైలెంట్‌గా వచ్చి కూర్చుంటాయి. నెంబర్ ఎక్కువున్న రిపో ముందు, తక్కువున్నది శివారు ఆయకట్టు లాగా చివర. 1000 గానీ ఆ పైన గానీ ఇస్తే వెనక్కి, అంటే పాత వెర్షన్‌కి కూడా దించుతుంది. మైనస్ నెంబర్ ఇస్తే అసలు లోపలికే రానివ్వదు.

దీనికి మంచి ఉదాహరణ 2020లో వచ్చిన లైనక్స్ మింట్ 20. అందులో స్నాప్‌డీ అనే ప్యాకేజ్‌కి మైనస్ 10 ఇచ్చి గేటు మూసేశారు. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా మారాక, డెబ్ వెర్షన్ కావాలనుకున్నవాళ్లు మొజిల్లా రిపోకి 1000 ఇచ్చింది కూడా ఇందుకే. ఉబుంటులోని ఉత్తుత్తి ఫైర్‌ఫాక్స్ ప్యాకేజ్ వెర్షన్ నెంబర్ ముందు "1:" అని ఉంటుంది. ఆ ఒక్క అంకె వల్ల అది ఎప్పుడూ పెద్ద వెర్షన్‌లాగే కనిపిస్తుంది. ఈ ట్రిక్ తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

మీరు చేయాల్సింది "ఈటీసీ/ఆప్ట్/ప్రిఫరెన్సెస్.డీ" ఫోల్డర్‌లో మూడు లైన్ల ఫైల్: ఏ ప్యాకేజ్, ఏ రిపో, ఎంత నెంబర్. నా పద్ధతి ఏంటంటే బయటి రిపోకి స్టార్ గుర్తుతో మొత్తం 100 ఇచ్చి, నాకు కావాల్సిన ఒక్క ప్యాకేజ్‌కి మాత్రం ఇంకో మూడు లైన్లలో 600 ఇస్తా. ఫైల్ పేరు చివర "టీఎక్స్‌టీ" పెడితే ఆప్ట్ దాన్ని పట్టించుకోదు. ఎక్స్‌టెన్షన్ లేకుండా గానీ "ప్రెఫ్" అని గానీ ఉండాలి. తర్వాత "ఆప్ట్ పాలసీ" మళ్లీ కొట్టి నెంబర్ మారిందో లేదో చూడండి.

ఫెడోరా, ఓపెన్‌సూసే వాళ్లూ, ఆగండి. మీ దగ్గర లెక్క తిరగబడుతుంది. డిఫాల్ట్ 99, నెంబర్ ఎంత తక్కువైతే రిపోకి అంత పెద్దపీట. లాకు కోసం ఓపెన్‌సూసేలో "జిప్పర్ యాడ్‌లాక్", ఫెడోరాలో "డీఎన్ఎఫ్ వెర్షన్‌లాక్".

హోల్డ్‌లో ఉన్నదానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా రావు. బ్రౌజర్‌కీ కెర్నల్‌కీ నెలల తరబడి లాకు వేసి ఉంచొద్దు. నెలకోసారి "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" కొట్టి లిస్టు చూడండి, అవసరం తీరినవాటికి "అన్‌హోల్డ్" కొట్టండి. బాబాయ్ సిస్టమ్‌లో ప్రస్తుతం ఆ లిస్టులో రెండే ఉన్నాయి, ప్రింటర్ డ్రైవరూ ఫాంట్లూ.