ఖాళీకి అవతల ఏముంది?

చిన్నారులారా! 'ఖాళీలను పూరించండి' అనగానే మీలో చాలామంది గీత వరకు చదివి, అక్కడే ఆగి, తోచిన పదం వ్రాసేస్తారు. పగలంతా బడిలో ఇంగ్లీషు చదివే మీకు ఇది సహజమే. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందుగానే వస్తుంది. తెలుగు వాక్యంలో అది సాధారణంగా చివర కూర్చుంటుంది. అందువల్ల మనకు కావలసిన ఆధారం తరచుగా గీతకు అవతల ఉంటుంది.

ఈ వాక్యం చూడండి: "బర్ దుబాయిలో అబ్రా ఎక్కి, క్రీకు దాటి ______ దేరా చేరింది." తాతయ్య, అమ్మమ్మ, పిల్లలు అని మూడు పదాలు ఇచ్చారు. అందరూ పడవ ఎక్కగలవారే. అయితే 'చేరింది' వరకు చదివితే 'అమ్మమ్మ' అని తేలిపోతుంది. తాతయ్య అయితే 'చేరాడు', పిల్లలయితే 'చేరారు' అని ఉండేది. (ఇంట్లో గౌరవంగా 'అమ్మమ్మ చేరారు' అంటే తప్పులేదు, అప్పుడు మాత్రం ఈ ఒక్క ఆధారం చాలదు.)

వాక్యాలను కలిపే పదాలు మరింత గట్టి ఆధారాలు. ఇక్కడ జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని నియమం ఉంది. కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుండి వచ్చి కట్టడాల పనిలో ఉన్న మనవారికి అది పెద్ద ఊరట. ఇప్పుడు చదవండి: "ఎండలో పని నిషిద్ధం, కాబట్టి కార్మికులు ఆ వేళ ______." శ్రమిస్తారా, విశ్రమిస్తారా? చూపుకు ఒక్క అక్షరమే తేడా, అర్థం మాత్రం తలకిందులు. 'కాబట్టి' కారణం వెంట ఫలితాన్ని తెస్తుంది కనుక 'విశ్రమిస్తారు' సరైనది. దానిని తీసి 'అయినా' పెట్టి చూడండి. నియమం తప్పిన యజమాని కనిపిస్తాడు!

ఇచ్చిన పదానికి అర్థమే తెలియకపోతే? "సముద్రజలం ______ కావున తాగుటకు పనికిరాదు, అందులోని ఉప్పును తొలగించి మనకు సరఫరా చేస్తారు." పదాలు: శీతలం, మధురం, లవణయుతం. శీతలమంటే చల్లనిది, చల్లని నీరు తాగవచ్చు. మధురమంటే తియ్యనిది, తియ్యని నీరూ తాగవచ్చు. మిగిలింది 'లవణయుతం'. ఉప్పు మాట పక్కనే ఉన్నది కనుక 'లవణం' అంటే ఉప్పేనని కూడా తెలిసిపోయింది. నిఘంటువు తెరవకుండానే ఒక కొత్త పదం మీదైంది.

ఒక్కొక్కసారి రెండు జవాబులూ ఒప్పే ప్రశ్న ఎదురవుతుంది. "వాన కురిసింది. ______ పిల్లలు ఆటకు బయటికి వచ్చారు." తణుకులో చదివే పిల్లవాడు 'అయినా' అని వ్రాస్తాడు. షార్జాలో పెరిగిన మీరు 'కాబట్టి' అని వ్రాస్తారు. ఏడాదిలో కొద్ది రోజులే కురిసే వానలో తడవకుండా ఎవరుంటారు? ఇద్దరిదీ తప్పు కాదు. అటువంటప్పుడు తరువాతి వాక్యం కూడా చదవండి. "అమ్మ వారిని కోప్పడి లోపలికి పంపింది" అని ఉంటే ఏది వ్రాస్తారు? "అమ్మ కూడా వారితోపాటు తడిసింది" అని ఉంటే?